కేబుల్ వదిలేసి ఆన్‌లైన్ వీడియోకి మారాలంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

టీవీ మానేయమని చెప్పడం లేదు. గోడకున్న పెద్ద తెర అక్కడే ఉంటుంది, ఎదురుగా కుర్చీలూ అక్కడే ఉంటాయి, మారేదల్లా ఆ తెర మీదికి బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే. కేబులో డిష్షో పంపించింది చూడటం మానేసి, మనకి కావలసింది ఇంటర్నెట్ నుంచి మనమే తెప్పించుకుని చూడటం, అంతే సంగతి. నేనైతే పూర్తిగా ఆన్‌లైన్ పక్షమే, ఇందులో మొహమాటమేమీ లేదు. బొమ్మ బాగుంటుందనో సినిమాలు ఎక్కువ దొరుకుతాయనో కాదు. ఎవరో ఎక్కడో కూర్చుని తొమ్మిదింటికి ఇది, తొమ్మిదిన్నరకి అది అని వేసిన పట్టిక ప్రకారం మన సాయంత్రాలు నడవక్కర్లేదు, అదీ అసలు లాభం. ఫోనొస్తే ఆపుకోవచ్చు, నిద్రొస్తే రేపు చూడొచ్చు, నచ్చకపోతే ఐదో నిమిషంలో వదిలేయొచ్చు.

ఇలా అనుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. అమెరికాలో టీవీ చూసే లెక్కలు తీసే నీల్సన్ సంస్థ ప్రకారం 2025 మే నెలలో అక్కడి జనం టీవీ తెర ముందు గడిపిన సమయంలో 44.8 శాతం స్ట్రీమింగ్‌కే, అంటే ఇలా ఇంటర్నెట్ నుంచి తెప్పించుకుని చూసే వీడియోకే పోయింది, మామూలు ప్రసారాలూ కేబులూ కలిపినా 44.2 శాతమే. నెల మొత్తం లెక్కలో అలా జరగడం అదే మొదటిసారి. యూట్యూబ్‌లో మొదటి వీడియో ఎక్కింది 2005 ఏప్రిల్‌లో, నెట్‌ఫ్లిక్స్ స్ట్రీమింగ్ మొదలుపెట్టింది 2007లో, అంటే అంత పెద్ద దేశం అటు మొగ్గడానికి రమారమి ఇరవై ఏళ్ళు పట్టింది. మీరు మాత్రం ఒక్క ఆదివారం నాడు కంగారుపడి వైరు పీకేయడం దేనికి? నెమ్మదిగా మారండి.

ముందు ఒక కాగితం తీసుకోండి

వేగం, పెట్టె, యాప్ ఇవన్నీ తర్వాత. ముందు ఒక వారం పాటు మీ ఇంట్లో టీవీలో నిజంగా ఏం నడుస్తోందో రాయండి. ఎవరికి ఏం ఇష్టమని అడిగితే లాభం లేదు, అడిగితే అందరూ డాక్యుమెంటరీలూ వార్తలూ అనే చెబుతారు. ఏం నడిచిందో చూసి రాయండి. వారం తిరిగేసరికి ఆ కాగితంలో మూడు రకాలు బయటపడతాయి.

ఎప్పుడైనా చూడగలిగేవి ఒక రకం, అంటే సినిమాలు, సీరియళ్ళు, ఇంటర్వ్యూలు, పిల్లల బొమ్మల కార్యక్రమాలు. వీటి గురించి టెన్షన్ అక్కర్లేదు, ఇవన్నీ ఆన్‌లైన్‌లో హాయిగా దొరుకుతాయి. జరుగుతున్నప్పుడే చూడాల్సినవి రెండో రకం, ముఖ్యంగా ఆటలు, పెద్ద వార్త ఏదైనా వచ్చిన రోజు. ఇక మూడోది అందరూ మర్చిపోయేది, ఊరికే మోగుతూ ఉండే టీవీ. ఎవరూ చూడరు, కానీ కట్టేస్తే ఇల్లు బోసిపోయినట్టుంటుంది, పక్క గదిలోంచి ఎవరో ఒకరు "అదేంటి, కట్టేశారు?" అంటారు.

మారినవాళ్ళు మళ్ళీ కేబుల్ పెట్టించుకుంటున్నారంటే చాలాసార్లు ఈ మూడో రకమే కారణం. ఆన్‌లైన్‌లో ప్రతిదీ మనమే ఎంచుకోవాలి, రోజంతా పనిచేసి వచ్చాక ఎంచుకోవడం కూడా ఒక పనే. అరగంట సేపు పోస్టర్లు తిప్పి తిప్పి చివరికి ఏమీ చూడకుండా పడుకోవడం అందరికీ తెలిసిన బాధే. దీనికి మందు ముందే తయారు చేసి పెట్టుకోవాలి. యూట్యూబ్‌లో పాత హాస్య సన్నివేశాలకి ఒక ప్లేలిస్ట్, పాటలకి ఒకటి, భక్తి కార్యక్రమాలకి ఒకటి, ఇలా మీ ఇంటికి తగ్గట్టు మూడు నాలుగు చేసి ఉంచండి. చాలా వార్తా ఛానళ్ళు యూట్యూబ్‌లో ఇరవైనాలుగు గంటలూ లైవ్ ఇస్తాయి, వాటిని సబ్‌స్క్రైబ్ చేసి పెట్టుకుంటే రిమోట్‌తో రెండు నొక్కుల్లో వార్తలు మోగుతాయి. ఈ ఏర్పాటు లేకుండా కేబుల్ తీసేస్తే మాత్రం వారం తిరక్కుండానే ఇంట్లో తిరుగుబాటు ఖాయం.

నెట్ సంగతి

వేగం గురించి జనానికి అనవసరమైన భయం ఉంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ (నెట్ వేగానికి కొలత, సెకనుకి ఇన్ని మెగాబిట్లని) చాలు, అంతకన్నా స్పష్టమైన 4కె బొమ్మకి 15. యూట్యూబ్ 4కెకి 20 అంటుంది. ఇంట్లో ఒకేసారి ఎన్ని తెరలు నడుస్తాయో లెక్కేసుకుని దానికి రెట్టింపు ఉంచుకుంటే సరిపోతుంది, వందలకు వందల ఎంబీపీఎస్ ప్లాన్లు వీడియో కోసమే తీసుకోనక్కర్లేదు.

వేగం కన్నా డేటా పరిమితి ముఖ్యం. నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ అయితే గంటకి 3 జీబీ దాకా, 4కె అయితే 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకి నాలుగు గంటలు హెచ్‌డీలో చూసే ఇంట్లో నెలకి 360 జీబీ ఒక్క టీవీకే పోతుందన్నమాట. మీ ప్లాన్‌లో ఇంత వాడాక వేగం తగ్గిస్తాం అని చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. నెల మూడో వారంలో ఉన్నట్టుండి బొమ్మ మసకబారితే అనుమానించాల్సింది మొదట దాన్నే. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఇల్లంతా నడిపేద్దాం అనే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక వేగం కొలిచేటప్పుడు చాలామంది రౌటర్ పక్కన నిలబడి ఫోన్‌లో కొలుస్తారు, అంకె చూసి మురిసిపోతారు. కొలవాల్సింది టీవీ ఉన్న చోట, అది కూడా రాత్రి అందరూ నెట్ వాడే వేళలో. రౌటర్‌కీ టీవీకీ మధ్య రెండు గోడలుంటే ఆ అంకె ఎంత పడిపోతుందో అప్పుడు తెలుస్తుంది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనబడుతుంటే ఇలా గుర్తుపెట్టుకోండి: రెండోది వేగం ఎక్కువ కానీ గోడలు దాటడానికి కష్టపడుతుంది, మొదటిది వేగం తక్కువ కానీ దూరం పోతుంది. ఒకే గదిలో ఉంటే 5, దూరంగా ఉంటే రెండూ పెట్టి చూసి ఏది నిలకడగా ఉంటే అది. వీలుంటే మాత్రం ఇవేవీ కాదు, రౌటర్ నుంచి టీవీకి నేరుగా ఒక లాన్ వైరు లాగేయండి. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం, పేరుకి పాతదే, అయినా 4కెకి అవసరమైనదానికి అది ఎన్నో రెట్లు. గుండ్రంగా తిరిగే ఆ చక్రం పీడ వదిలించుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

బొమ్మ మధ్యలో మసకబారి మళ్ళీ బాగవుతుంటే కంగారుపడొద్దు, అది టీవీ లోపం కాదు. ఆన్‌లైన్ వీడియో మొత్తం ఒకే ఫైలుగా రాదు, కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది, ప్రతి ముక్కా నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంటుంది. నెట్ మందగిస్తే ప్లేయర్ తనంతట తానే తక్కువ నాణ్యత ముక్క అడుగుతుంది, ఆగిపోవడం కన్నా మసకబారడం మేలని. మాటిమాటికీ ఇలా అవుతుంటే నాణ్యతని 1080 దగ్గర, అంటే ఫుల్ హెచ్‌డీ దగ్గర మీరే ఆపేసి చూడండి, కాస్త చిన్న టీవీలో మామూలు దూరం నుంచి చూస్తే దానికీ 4కెకీ తేడా పట్టడం కష్టమే.

టీవీ కొత్తది కొనాలా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న టీవీ ఏదైనా పనికొస్తుంది, దానికో స్ట్రీమింగ్ స్టిక్, అంటే నెట్ నుంచి వీడియో తెచ్చే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం తగిలిస్తే స్మార్ట్ టీవీ అయిపోతుంది. నిజానికి స్మార్ట్ టీవీ ఉన్నవాళ్ళకి కూడా నేను చెప్పేది ఇదే. తెర పదేళ్ళు బతుకుతుంది, లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం నాలుగైదేళ్ళకే ముసలిదవుతుంది, యాప్‌లు తెరుచుకోవడానికి ఆయాసపడతాయి, కొన్నిటికి ఇక అప్‌డేట్లే రావు. అప్పుడు తెర మార్చడం దండగ, స్టిక్ మార్చుకుంటే సరి. స్టిక్ కొనేటప్పుడు ఏవీ1 అనే వీడియో పద్ధతిని హార్డ్‌వేర్‌లోనే విప్పగలదా అని చూడండి. 2018లో వచ్చిన ఈ పద్ధతి అదే బొమ్మని తక్కువ డేటాలో పంపుతుంది, యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ రెండూ వాడుతున్నాయి. అలాగే వైడ్‌వైన్ ఎల్1 (దొంగ కాపీలు తీయకుండా వీడియోకి వేసే తాళాల్లో గట్టి రకం) అన్న మాట ఉందో లేదో చూడండి. పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ పెట్టెల్లో అది ఉండదు, అది లేకపోతే డబ్బు కట్టే యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, 4కె తెర మీద పాత డీవీడీ నాణ్యతలో చూస్తూ కూర్చోవాలి.

టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళినప్పుడు ఇంకో రెండు పనులు చేసేయండి. కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఒకటుంటుంది, కంపెనీకో పేరు పెడతారు, అది కట్టేయండి, సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీసింది, దాన్ని అలాగే చూడాలి గానీ సీరియల్‌లా జారేటట్టు కాదు. కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే ఒక్క దెబ్బకి ఇవన్నీ సర్దుకుంటాయి. రెండోది, మీరు ఏం చూస్తున్నారో తెర మీది బొమ్మని బట్టి పసిగట్టి కంపెనీకి పంపే సదుపాయం చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. ప్రైవసీ మెనూలో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ లాంటి పేరుతో దాక్కుని ఉంటుంది. దానివల్ల మనకి ఒరిగేదేం లేదు, ఆపేయండి.

అసలు పరీక్ష: ఇంట్లో పెద్దవాళ్ళు

మనకి యాప్ అంటే ఆటే. అమ్మకో నాన్నకో అమ్మమ్మకో ఛానల్ నంబరు నొక్కితే వచ్చేయడమే తెలుసు, అది చాలా మంచి పద్ధతి కూడా, దాన్ని వెక్కిరించనక్కర్లేదు. వాళ్ళకి మెనూలు నేర్పడం కన్నా మెనూలే లేకుండా చేయడం తేలిక. హోమ్ స్క్రీన్‌లో వాళ్ళు వాడే రెండు మూడు యాప్‌లు తప్ప మిగతావన్నీ తీసేయండి లేదా వెనక్కి తోసేయండి. ఆన్ చేయగానే మొదటి స్థానంలో ఒక్కటే యాప్ కనబడాలి. వాయిస్ సెర్చ్ బటన్ ఎక్కడుందో చూపించి, మన భాషలోనే మాట్లాడితే చాలని ఒకసారి చేయించండి. టైపు చేయడం, అక్షరం అక్షరం వెతుక్కోవడం ఎవరికైనా నరకమే, మాట్లాడటం మాత్రం ఒక్క రోజులో పట్టుబడుతుంది.

ఇంకోటి, టీవీలో మీ సొంత అకౌంట్ పెట్టకండి. టీవీ కోసం వేరే అకౌంట్ తెరవండి, డబ్బు కట్టే యాప్‌లలో అయితే ఒక్కొక్కరికీ ఒక్కో ప్రొఫైల్. లేకపోతే మీ ఫోన్‌లో మీకు అన్నీ అమ్మ చూసే సీరియళ్ళే వస్తాయి, అమ్మకి మీ క్రికెట్ విశ్లేషణలు వస్తాయి, ఇద్దరికీ విసుగు. పిల్లలుంటే వాళ్ళకి పిల్లల ప్రొఫైల్, పెద్దల ప్రొఫైళ్ళకి పిన్. ఇది మారిన మొదటి రోజే చేయాలి, తర్వాత చేద్దామంటే కుదరదు.

కొత్త పట్టిక మళ్ళీ తగులుకోకుండా

ఛానల్ వాడి పట్టిక వద్దని ఇంత దూరం వచ్చాక, యూట్యూబ్ హోమ్ పేజీ ఏం చూపిస్తే అది చూస్తూ కూర్చుంటే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పాత టీవీకి కనీసం ఒక ముగింపు ఉండేది, కార్యక్రమం అయిపోయింది అని తెలిసేది. ఇక్కడ ఏదీ అయిపోదు, తర్వాతది దానంతటదే మొదలైపోతుంది. అందుకే మొదట ఆటోప్లే కట్టేయండి. యూట్యూబ్‌లో సెట్టింగుల్లోనే ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ సెట్టింగుల్లోకి వెళ్తే తర్వాతి ఎపిసోడ్ దానంతటదే రావడాన్నీ, పోస్టర్ మీద ఆగగానే ట్రైలర్ మోగడాన్నీ విడివిడిగా ఆపొచ్చు.

తర్వాత యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ. దాన్ని ఆపేసి, పాతది తుడిచేస్తే హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది, 2023 నుంచి అలా పెట్టారు. చాలామంది దీన్ని శిక్ష అనుకుంటారు, నా ఉద్దేశంలో అంతకన్నా మంచి సెట్టింగ్ లేదు. అప్పుడు మీకు మిగిలేది సబ్‌స్క్రిప్షన్ల పేజీ, వెతుకులాట, ఈ రెండే, రెండూ మీ ఇష్టప్రకారం నడిచేవే. ఇబ్బంది కూడా ఉంది, సగం చూసి వదిలేసిన వీడియో ఎక్కడ ఆపారో గుర్తుండదు. అది మీకు ముఖ్యమైతే హిస్టరీ ఉంచుకుని, చెత్త వీడియో కనబడ్డప్పుడల్లా ఈ ఛానల్ చూపించొద్దు అన్నది నొక్కుతూ పోండి. నాట్ ఇంట్రెస్టెడ్ కన్నా అది గట్టిగా పనిచేస్తుంది. పగలు ఫోన్‌లో ఏదైనా బాగుందనిపిస్తే అక్కడే చూడకుండా వాచ్ లేటర్‌లో వేసుకుని రాత్రి టీవీలో తీరిగ్గా చూడండి, ఈ ఒక్క అలవాటుతో పోస్టర్లు తిప్పే అరగంట మిగులుతుంది. సాగదీసి మాట్లాడేవాళ్ళకి వేగం 1.25 పెట్టండి, ఏమీ పోదు.

డబ్బు దగ్గర

కేబుల్ ఖర్చు తగ్గుతుందని మారి, ఐదారు యాప్‌లకి కట్టి, చివరికి పాత బిల్లు కన్నా ఎక్కువ అవడం మామూలైపోయింది. అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఈ నెల ఒకటి, అందులో చూడాల్సినవి చూసేసి తీసేయడం, వచ్చే నెల ఇంకొకటి. సిరీస్ వచ్చిన రోజే చూడాలన్న పట్టుదల లేకపోతే ఇది సులువుగా నడుస్తుంది. కట్టిన రోజే ఆటో రెన్యూవల్ రద్దు చేసేయండి, చాలా యాప్‌లలో అలా చేసినా నెలాఖరు దాకా చూడొచ్చు. ఏడాది ప్లాన్ చవకే గానీ, ఏడాది పొడుగునా చూస్తామన్న నమ్మకం ఉన్నదానికే తీసుకోండి. ప్రకటనలతో వచ్చే చవక ప్లాన్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి, నెట్‌ఫ్లిక్స్ 2022 నవంబర్‌లో మొదలుపెట్టింది. ప్రకటనల బాధతోనే కేబుల్ వదిలినవాళ్ళయితే ఆ వైపు పోకండి. ఒక సినిమా ఏ యాప్‌లో ఉందో తెలియకపోతే జస్ట్‌వాచ్ అనే సైట్లో వెతకండి, ఊరికే మూడు యాప్‌లు తెరవక్కర్లేదు. ఇంకో మాట, యాప్‌లో ఉన్న సినిమా రేపు ఉంటుందన్న హామీ ఏమీ లేదు, హక్కుల గడువు తీరగానే తీసేస్తారు, డౌన్‌లోడ్ చేసుకున్నవి కూడా పనిచేయవు.

పాత టీవీయే గెలిచే చోటు

లైవ్ ఆట. ఇక్కడ ఆన్‌లైన్ ఇంకా వెనకే, దాచి లాభం లేదు. ముందు చెప్పిన ముక్కల పద్ధతే దీనికి కారణం. ఒక్కో ముక్క ఆరేసి సెకన్లనుకోండి, ప్లేయర్ మూడు ముక్కలు చేతిలో ఉంచుకుని గానీ మొదలుపెట్టదు, దానికి తయారీ సమయం కలిపితే అర నిమిషం దాకా ఆలస్యం మామూలే. ఈలోగా పక్కింట్లో కేకలు వినబడతాయి, స్నేహితుల గ్రూపులో అభినందనలు మొదలవుతాయి, మీ తెర మీద బౌలర్ ఇంకా పరుగు మొదలెట్టి ఉండడు. లేటెన్సీ (ఈ ఆలస్యానికే ఆ పేరు) తక్కువ అనే ఎంపిక యాప్‌లో ఉంటే పెట్టుకోండి, కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఫోన్ నోటిఫికేషన్లు ఆ రెండు మూడు గంటలూ కట్టేయడం దానికన్నా నయం.

లక్షలమంది ఒకేసారి ఎగబడినా ఆన్‌లైన్ తట్టుకోగలదు, అందులో అనుమానం లేదు. 2012 అక్టోబర్‌లో ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే స్కైడైవర్ ఆకాశం అంచు నుంచి దూకుతుంటే యూట్యూబ్‌లో 80 లక్షల మంది ఒకేసారి చూశారు. కానీ అంతమందికీ ఒక్కొక్కరికీ విడివిడిగా బొమ్మ పంపాలి, గాలిలో వచ్చే ప్రసారానికి ఆ బాధ లేదు, ఒకరు పట్టుకున్నా కోటిమంది పట్టుకున్నా టవర్‌కి ఒకటే. తుఫానులప్పుడు, నెట్ పోయినప్పుడు పనికొచ్చేది అదే. మీ ప్రాంతంలో ఉచిత ప్రసారాలు అందుతుంటే ఒక చిన్న యాంటెన్నా తగిలించి ఉంచుకోండి. అది కూడా లేని చోట రేడియో. ఆటలే ప్రాణంగా ఉన్న ఇల్లయితే నా సలహా మొహమాటం లేకుండా చెబుతాను, కేబుల్ పూర్తిగా తీయకండి, ఆటల సీజన్‌కి ఆ ఛానళ్ళ ప్యాక్ ఒక్కటే పెట్టుకోండి.

కట్ చేసే ముందు

ఒక నెల కేబుల్ పెట్టె వైరు పీకి అలమరాలో పెట్టండి, కనెక్షన్ మాత్రం ఉంచండి. ఆ నెలలో ఎవరు, ఎప్పుడు, దేనికోసం దాన్ని బయటికి తీయమన్నారో మొదటి వారం రాసిన కాగితం వెనకాలే రాయండి. ఒకటి రెండు సార్లయితే దానికి వేరే దారి వెతకొచ్చు, రోజూ అడుగుతుంటే ఇంకా వేళ కాలేదు, ప్లేలిస్టుల దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి. ఎవరూ అడక్కపోతే అప్పుడు ఫోన్ చేసి తీసేయమనండి. పెట్టె మీది కాదు వాళ్ళదైతే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి, డిపాజిట్ ఏమైనా కట్టి ఉంటే అది వెనక్కి అడగండి, బ్యాంకులో ఆటోపే పెట్టి ఉంటే దాన్ని మీరే విడిగా రద్దు చేయాలి, కనెక్షన్ పోయినంత మాత్రాన అది దానంతటదే ఆగదు.